బీటల లెక్క

రామజ్ దుకాణంలో, అద్దాల బల్ల మీద
సబ్బుబిళ్లంత కొత్త కెమెరా.
నా నెల జీతంలో సగం.
నీదీ పక్కన పెట్టు, చూద్దాం అన్నాడు.
పెట్టాను.

బ్యాటరీ మూత ఊడకుండా రబ్బరు బ్యాండు,
లెన్సు అంచున సున్నపు ధూళి,
లోపలి గడియారం ఎప్పుడో చచ్చిపోయి
ఏ ఫొటో తీసినా జనవరి ఒకటే.
"ఇంకా దీన్నే మోస్తున్నావా, నాతేలా?"

మోస్తున్నాను.
నగరపాలకులు జీతమిచ్చి
గోడల బీటలు ఫొటో తీయించే మనిషిని నేను.
సోలోలాకీ వాలులో, చెక్క బాల్కనీలు
ఒకదాని భుజం మీద ఒకటి ఒరిగిన ఇళ్లలో
పదకొండేళ్లుగా అవే గోడలు.
బీట పక్కన చిల్లర నాణెం ఆనిస్తాను,
ఎప్పుడూ అదే నాణెం, అదే మూరెడు దూరం,
ఊపిరి బిగబట్టి ఒక్క నొక్కు.
నిరుటిదీ ఈ ఏటిదీ పక్కపక్కన పెడితే
కదిలిందా, లేదా?
అంతకుమించి నన్నెవరూ ఏమీ అడగరు.
కదిలితే ఎర్ర సిరా.
ఎర్ర సిరా పడితే వారంలో ఇల్లు ఖాళీ.

"పిక్సెళ్లు మూడింతలు" అంటూ రామజ్
కొత్తదాంతో తన వెనక గోడనే తీశాడు.
తెర మీద పెద్దది చేశాడు.
క్యాలెండరు వెనకనుంచి బయల్దేరి
వెంట్రుకవాసి గీత ఒకటి
పైకప్పుదాకా పాకింది.
ఇద్దరం తిరిగి చూశాం.
గోడ నున్నగానే ఉంది.
"నిన్న లేదే ఇది" అన్నాడు గొంతు తగ్గించి,
గోడకు నిజంగానే చెవులున్నట్టు.

నాకు ముసలి లామారా వంటగది గుర్తొచ్చింది.
వాల్‌నట్లు నూరుతూ తలెత్తకుండా
"ఎలా ఉంది?" అంటుంది, ఇంట్లో రోగి గురించి అడిగినట్టు.
"అలాగే ఉంది" అంటాను.
టీ పోస్తుంది.
ఇది కొంటే, వచ్చే మార్చిలో
ఆమె పొయ్యి పైన ఒక బీట ఉన్నచోట ఏడు కనిపిస్తాయి.
కొత్తగా పుట్టినవా,
నా పాతది ఇన్నేళ్లూ చూసీ చూడనట్టు పోయినవా?
పైవాళ్లకు ఆ తేడాతో పనిలేదు.
ఒకటి ఏడయింది, అంతే.
ఎనభై రెండేళ్ల మనిషి, మూటలు, వీధి.

అలాగని తిరిగి వెళ్లిపోదును.
కానీ ఫిబ్రవరిలో, మంచు కరిగిన రాత్రి,
పై వీధిలో గురామ్ వాళ్ల మెట్లగోడ కూలింది.
మనుషులు బతికారు.
కుట్టుమిషను మాత్రం రెండంతస్తులు దొర్లి
నడివీధిలో, సూదిలో దారంతోనే, ఆగింది.
ఆ గోడ ఫొటో నా దగ్గరుంది.
నాణెం, బీట, కింద నా దస్తూరీ: కదలలేదు.
ఆ రాత్రే పెద్దది చేసి చూశాను.
చదరాలు.
ఇంకా పెద్దది చేశాను.
ఇంకా పెద్ద చదరాలు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని
ఇన్నాళ్లూ అందరితో అన్నది నేనే.

రామజ్ కాగితం మీద వాయిదాలు లెక్కేస్తున్నాడు.
నేను బల్ల దాటి లోపలికెళ్లి
క్యాలెండరు పక్కకు జరిపాను.
ఆ గీత ఉండాల్సినచోట నాణెం పట్టుకుని
పాతదాంతో ఒకటి తీశాను.
అక్కడే, కదలకుండా, కొత్తదాంతో ఒకటి.
ఇకమీదట ప్రతి గోడకూ రెండేసి:
వెనకటితో పోల్చడానికి ఒకటి,
రాబోయేదానితో పోల్చడానికి ఒకటి.
పని రెట్టింపు, జీతం అంతే.
లామారాకు ఏ ఫొటో చూపించాలో
అది ఇంకా తేల్చుకోలేదు.

"ప్రమాదమా?" అన్నాడు రామజ్.
కలం పట్టుకునే ఉన్నాడు, సంతకం పెట్టించుకోవడం మరిచి.
"నిరుడు చూడలేదు కదా.
ఏడాది ఆగు, చెప్తాను."

రెండు తెరల మీదా అతని గోడే.
కొత్తది నవంబరు తొమ్మిది అంటోంది.
పాతది, జనవరి ఒకటి.