బేసి రాత్రి

ఇరవై ఏడో రాత్రి
ఫెజ్ నగరం సందుల్లో గాడిదక్కూడా తోవ దొరకదు.
మొదటి ఉపవాసం గెలిచిన పిల్లలు
పెళ్ళికూతుళ్ళలా భుజాలెక్కి ఊరేగుతుంటారు,
గోరింట ఆరని చేతులు గాల్లో చాపుకుని.
నేనూ కొత్త జెల్లాబా తొడిగి
మసీదు గడప దగ్గర చెప్పులు చేతబట్టుకున్నాను.
అప్పుడొచ్చింది రఖియా కబురు:
"ఇత్తూ, రేగాకు దంచి పట్టుకురా. ఒకామె పోయింది."

ఏడుపొచ్చింది నాకు.
వెయ్యి నెలలకన్నా మేలైన రాత్రి కదా,
దేవదూతలు గులకరాళ్ళకన్నా ఎక్కువమంది
నేలకు దిగే రాత్రి.
ఊరికంతా ఆకాశం తెరుచుకుంటే
నాకొక్కదానికే శవం పని.

రంగులద్దేవాళ్ళ వీధి చివర, మెట్ల కింద గది.
పేరు హద్దా అన్నారు. కొండల మీంచి వచ్చిందన్నారు.
అంతకుమించి చెప్పేవాళ్ళు లేరు.
వయసు?
గోడకి వేలాడుతున్న ఉన్ని చిలపలనడగాలి.

రఖియా చేతులు పైకి మడిచింది.
"కుడివైపు నుంచి. దుప్పటి తియ్యకు, దాని కిందే కడుగు.
నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయా?
ఆమెకేం తెలుస్తుందిలే అనుకోకు."

మూడుసార్లు పోశాం.
మోచేతుల దాకా నీలం.
ఐదుసార్లు పోశాం.
గోళ్ళ సందుల్లో, గీతల్లో, నీలం.
"బేసి లెక్కే ఎందుకు?" అన్నాను విసుగ్గా.
"ఆయన ఒక్కడు గనక. ఒకటి బేసి కదే పిల్లా.
ఆ రాత్రిని వెతుక్కోమన్నదీ బేసి తేదీల్లోనే.
ఇవాళేనని నీకెవరు చెప్పారు?"

ఏడోసారి కర్పూరం కలిపాం.
నేను పీచు అందుకుని ఆ అరచేతులు రుద్దబోతే
నా మణికట్టు పట్టుకుంది ముసలిది.
"అది మురికి కాదు. ఉండనీ."

తడిజుట్టు మూడు జడలల్లాను.
సాయంత్రం నా జుట్టు అల్లుకున్న వేళ్ళతోనే.
చెవి వెనక ఒకటి కనిపించింది.
ఏమిటో చెప్పను.
చూసింది దాచడమే ఈ పనిలో మొదటి నేర్పు.
ఏ రాత్రో చెప్పకుండా దాచినవాడికి
ఈ నేర్పు ముందే తెలుసనుకుంటా.

గవాక్షంలోంచి మసీదు 'ఆమీన్' మొత్తం
ఒక్క ఊపిరిగా లోపలికొచ్చింది.
దీపం వణికింది. గాలే అయ్యుంటుంది.
రఖియా మాత్రం
ఎవరికో దారిచ్చినట్టు
కాస్త పక్కకి జరిగింది.

తెల్లవారు నమాజు అయ్యాక
నలుగురు మోసేవాళ్ళుంటే చాలనుకున్నాం.
రాత్రంతా మేలుకున్న మసీదు
అలాగే వరసలు తీరి నిలబడింది,
కళ్ళెర్రబడ్డ కమ్మరులు, రొట్టెలవాళ్ళు, పేరు తెలియని కుర్రాళ్ళు.
ఎవరిదీ కాని హద్దాకి
భుజం పట్టే వంతు కోసం తోసుకున్నారు.

ఆ రాత్రి గడిచిన పొద్దున సూర్యుడు
కిరణాలు లేకుండా లేస్తాడట,
తోమిన ఇత్తడి పళ్ళెంలా.
పరుగున మిద్దె ఎక్కాను.
రంగు బట్టీల పొగ. మినారు మీద కొంగ ఒకటి
ముక్కుతో టకటకమంటోంది.
ఏమీ కనిపించలేదు.

కింద రఖియా బకెట్లు కడిగి బోర్లిస్తోంది.
"ఇరవై తొమ్మిది ఇంకా ఉంది," అంది తలెత్తకుండా,
"ఎలాగూ పైకెక్కావు,
ఆ మిగిలిన రేగాకు ఎండబెట్టి రా."