యాభైకి రవ్వంత తక్కువ

శాంతా రీటాలో సపుకాయి నది
నాలుగడుగుల దూరానికి నలభై వంకలు పోతుంది.
కిటికీలోంచి దాన్ని చూపించి దొనా జొరాయిదె అన్నారు:
"అది బద్ధకం కాదు, తొందరపడి ముందే చేరకూడదని."
అప్పటికి నా బోర్డు మూడోసారి చచ్చింది.

పొద్దున బాగానే లేస్తుంది.
మధ్యాహ్నం రేకుల కప్పు కాగేసరికి
మెమరీ తడబడి
ఏడుని ఐదంటుంది.

ఆవిడ నలభై ఏళ్ల కింద
పారదర్శకపు పొర మీద నల్లటేపు అంటించి
దారులు వేసిన మనిషి.
బొటనవేలి మీద బ్లేడు గాటు ఇంకా ఉంది.
ఆ వేలితోనే తెర మీద నా రాగి గీతల్ని లెక్కపెట్టారు.
ఎనిమిది. ఏడు చుట్టూ తిరిగి వస్తున్నాయి,
ఒక్కటి అడ్డదారిన దిగిపోయింది.
"నానోసెకనుకి జానెడు నడక కూడా లేదు.
అందులో వీడు నాలుగు బియ్యపుగింజలంత ముందు!"
పొడుగువాటిని కోయలేం.
పొట్టిదాన్నే తిప్పాలి, పాము మెలికలుగా.

మెలికలు వేస్తూ చెప్పారు,
వాళ్లమ్మ పోయిన రోజు
కబురు ఐదుగురికీ ఐదు వేళల్లో చేరిందట.
అన్న ఒనోఫ్రె పొద్దుగూకేదాకా
ఇతజుబా సంతలో జున్ను బేరమాడుతూ
నవ్వుతూనే ఉన్నాడట.
"ఆ నవ్వుని వాడింకా క్షమించుకోలేదు."
ఏమనాలో తెలీక నేనేమీ అనలేదు.

గీతలు సరిపోయాయి.
అయినా స్కోపు మీద అంచు
కొట్టి వదిలేసిన కంచు పళ్లెంలా వణుకుతోంది.
చివర గోడకి తగిలి
వచ్చిన దారినే తిరిగొస్తున్న మాట.
అక్కడ ఉండాల్సిన రెసిస్టర్లని
సెల్సో గారు ఖర్చు దండగని కొట్టేశారు.
ఒక్కోటి ఆవగింజంత.
దాని ధరకి సరిపడా చిల్లర ఏ దేశంలోనూ ముద్రించరు.

పట్టకారుతో పెట్టి అతికారు. తగరం పొగ.
నలభై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఓమ్‌లు.
"యాభై అనొచ్చుగా?"
"యాభై ఎవరూ చెయ్యరు అబ్బాయ్.
దగ్గరగా చేస్తారు. చాలు."

వచ్చిందాన్ని కడుపులో పెట్టుకుని
ఎవరికీ తిరిగి చెప్పకుండా
కాస్త వెచ్చబడి ఊరుకోవడం,
అంతే వాటి పని.

రెండింటికి ఎండ నడినెత్తి దాటింది.
ఏడు ఏడుగానే ఉంది.
ఆవిడ చల్లారిన కాఫీ గటగటా తాగేసి
టోపీ వెతుక్కున్నారు.

ఒనోఫ్రె సంగతి నేనెవరికీ చెప్పలేదు,
ఇదిగో, ఇప్పటిదాకా.