బోడిగుండూ మోకాలూ

గురువారం మాకు రక్తం తిరిగే రోజు.
ఇజ్మీర్‌లో, అల్సన్‌జాక్ రేవు వెనక వీధి,
రెండో అంతస్తు, ఒకటే వసారా:
ఎడమవైపు ఎముకల డాక్టరు, కుడివైపు చర్మం డాక్టరు,
మధ్యలో నేనూ, నా సెంట్రిఫ్యూజూ.
ఇద్దరూ కలిసి కొన్న యంత్రం ఇదొక్కటే.
కరెంటు బిల్లు దగ్గర వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టొద్దని
లోకం ఎన్నాళ్ళుగా చెబుతోందో!
నా జీతం ఆ ముడిమీదే.

ఇవాళ ఇద్దరే.
సెయ్‌ఫెత్తిన్, ముప్పైయొక్కేళ్ళు ఉత్తరాలు మోసినవాడు.
కదిఫెకాలె గుట్టమీది మెట్లన్నీ
ఆయన చిప్పల్లో ఇప్పుడు కరకరమంటున్నాయి.
ముయెస్సెర్, కెమెరాల్తి బజార్లో
సవరాలూ విగ్గులూ కుట్టే మనిషి.
పాపిట వెడల్పై, వెడల్పై,
ఇప్పుడు నడినెత్తిన లైటు పడితే మెరుస్తోంది.

ఇరవై మిల్లీలీటర్లు తీశాను ఒక్కొక్కరికీ.
మా కాఫీ కప్పులో మూడోవంతు.

యంత్రానికో పట్టింపు ఉంది, ఒంటిగొట్టంతో తిరగదు.
ఎదురుగా అంతే బరువు పెట్టకపోతే
గిలగిల్లాడి బల్ల దిగి నడిచిపోతుంది.
మామూలుగా తోడుకి నీళ్ళగొట్టం పెడతాను.
ఇవాళ ఆమెకి ఎదురు ఆయన.
పేర్లు మూడుసార్లు చదివాను. పైకే చదివాను.
మూత వేశాను.
మొదట ఈగ, తర్వాత తుమ్మెద,
ఆ తర్వాత చప్పుడని తెలియని చప్పుడు.

ఆగాక చూస్తే అడుగున ఎరుపు,
పైన ఎండుగడ్డి రంగు,
నడుమ మీగడకన్నా పల్చటి తెల్లగీత.
ఇంత తిరుగుడూ ఆ గీత కోసమే.

అందులో ఉండేవాళ్ళవి పదిరోజుల బతుకులు.
ఒళ్ళంతా గస్తీ తిరిగి, ఎక్కడ తెగితే అక్కడ
తమనే అడ్డుపెట్టి ఆపేవాళ్ళు.
ఎక్కడా తెగకపోతే ఊరికే పోయేవాళ్ళు.
వెంట్రుక సంగతి వాళ్ళకి తెలీదు,
మోకాలి ఊసూ తెలీదు.
మేం సూదితో ఓ దొంగ గాయం చేసి
ఇక్కడ, ఇక్కడ అని కేకేస్తాం.
నమ్మి మూటలన్నీ విప్పేస్తారు.
అందులో ఏది మొలుస్తుందో
డాక్టరు కూడా ఒట్టేసి చెప్పడు.

"ఒక్కో కన్నానికి ఒక్కో వెంట్రుక.
మేమూ ఇంతేనమ్మా మెహ్‌పారె," అంది ముయెస్సెర్,
"కాకపోతే మా జాలీకి నొప్పుండదు."
నలభయ్యో పోటు దగ్గర నవ్వాపింది.
నా వేలు పట్టుకుంది.

అడగకూడదు గానీ అడిగాను:
కొట్లో అన్ని విగ్గులుండగా ఎందుకిదంతా?

"ఇరవయ్యారున్నాయి," అంది కళ్ళు మూసుకునే.
"ఏది పెట్టుకున్నా దాని మనిషి గుర్తొస్తుంది.
ఎర్రజుట్టుది కాలేజీ ఫీజు కట్టింది.
ఆ ఒత్తు జడ పిల్ల, కోయించుకుని,
అద్దం ఇవ్వబోతే వద్దంది.
ఇదైతే నాదే కదా.
రాకపోతే రాకపోయింది,
ఎవరికీ బాకీ ఉండను."

అవతలి గదిలో సెయ్‌ఫెత్తిన్ ఒక్కసారే అరిచాడు.
అదీ టర్కీ భాష కాదు.

తర్వాత ఇద్దరూ వసారాలో ఒకే బెంచీమీద.
ఆమె తల రేపటిదాకా తడపకూడదు,
ఆయన కాలు కాసేపు మడవకూడదు.
టీ తాగారు. వాన గురించి మాట్లాడారు,
ట్రామ్ టిక్కెట్టు పెరిగినందుకు కాసేపు తిట్టారు.
లేవబోతూ ఆయన చూసుకున్నాడు,
బూటు తాడు ఊడి వేలాడుతోంది.
వంగబోయి, వంగలేక, ఎవరూ చూడలేదన్నట్టు గోడవైపు తిరిగాడు.

ఆమె చెంగున కిందికి వంగింది.
రుమాలు జారి, నెత్తిమీద నెత్తుటి చుక్కలు
ఆయన మోకాలికి జానెడు దూరంలో.
రెండు వేళ్ళు తిప్పి లాగింది.
అంతే, లేచి మెట్లు దిగిపోయింది.

మూడునెలలయ్యాక ఇదే లైటు కింద
ఆమె తల ఫొటో తీస్తాం.
ఆయన్ని ఇదే వసారాలో నడిపిస్తాం.
రెండు కాగితాలమీదా ఏం రాస్తానో నాకిప్పుడు తెలీదు.

యంత్రం తుడుస్తుంటే ఒకటి తట్టింది.
ఆమె వేసింది విగ్గుల ముడి.
లాగితే వచ్చేది కాదది.
పాపం, ఆ రాత్రి బూటు
ఎలా విప్పుకున్నాడో.