సూప్ మాత్రమే

ఫారంలో పదకొండు గడులున్నాయి.
హాజరు తగ్గిందా. మార్కులు పడిపోయాయా.
ఈమెయిళ్లకు జవాబు లేదా.
లియాండర్ విషయంలో ఒక్కదానికీ టిక్కు పడదు.
ముందు బెంచీలోనే కూర్చుంటాడు,
కలన గణితంలో తొంభై ఒకటి,
ఏమడిగినా "బాగానే ఉన్నాను సర్."

చెప్పింది ఫిలోమినా,
క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్లుగా గరిటె పట్టిన మనిషి.
"ఆ ఫోగో దీవి కుర్రాడు
రొట్టె మానేశాడు.
మొదట్లో రెండు తినేవాడు, మూడోది జేబులో దాచేవాడు,
నేను చూడనట్టే ఉండేదాన్ని.
ఇప్పుడు సూప్ మాత్రమే.
అదీ చల్లారేదాకా చూసి
అలాగే తెచ్చి పెడతాడు."

రొట్టెకు గడి లేదు.
"ఇతర వివరాలు" అన్నచోట రాశాను.
చదువుకుంటే నాకే నవ్వులాటలా ఉంది.

కౌన్సెలింగ్ కేంద్రం కంప్యూటర్
మూడు వారాల అవతలి తారీఖు చూపించింది.
షివాన్ హెర్న్ ఆ తెర వంక ఒకసారి చూసి
కోటు తొడుక్కుంది.
"పదండి."

సెయింట్ జాన్స్ రేవు మీంచి పొగమంచు కొండెక్కుతోంది.
దారిలో ఆగస్టు శిక్షణ గుర్తొచ్చింది.
ఒకే ఒక్క వాక్యం, తిన్నగా అడగాలన్నారు.
అడిగితే ఆలోచన పుట్టదు,
ఉన్నదుంటే బయటికొస్తుందన్నారు.
ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి అనమన్నారు.
ముప్పై మందిమి, అంతా డాక్టరేట్లు,
ఒకరి చొక్కా గుండీలు ఒకరం చూస్తూ
నీళ్లు నమిలాం.

మూడో అంతస్తు. తలుపు తీశాడు.
మంచం మీద దుప్పటి మడత చెదరలేదు,
కుర్చీలోనే నిద్ర కాబోలు.
కిటికీలో పడవ ఫొటో, బోర్లించి.

షివాన్ నేల మీద చతికిలబడింది.
గాలి గురించి మాట్లాడింది,
ఈ ఏడు పీతల ధర గురించి మాట్లాడింది.
ఆ తర్వాత, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా,
"చచ్చిపోవాలనిపిస్తోందా, లియాండర్?"

హీటర్ టక్కుటక్కుమంది.
చాలాసేపు అదొక్కటే.

అతని జవాబు అతనిది, ఇక్కడ రాయను.
ఆ రాత్రి ఒంటరిగా లేడు.
తెల్లారేసరికి బోనవిస్టా నుంచి వాళ్లక్క వచ్చింది,
చేపల ఫ్యాక్టరీ రబ్బరు బూట్లు
విప్పకుండానే కారు నడుపుకుంటూ.

నాలుగో రోజు కంప్యూటర్ నన్ను అడిగింది:
కేసు మూసేయమంటారా?
అవును. కాదు. రెండే గడులు.
దేన్నీ ముట్టకుండా కిందికి దిగి
క్యాంటీన్ వరుసలో నిలబడ్డాను.

ఫిలోమినా కబురేమీ అడగలేదు.
నా పళ్లెం వంక చూసింది.
సూప్ మాత్రమే.
ఎన్నాళ్లుగానో, నాకే తెలీదు.
మాట్లాడకుండా పక్కన
ఒక రొట్టె పెట్టింది.
ఆగి, ఇంకోటి.