ఆరిపోవలసిన దీపం

జూన్. ఫాక్‌లాండ్ దీవుల్లో నడి చలికాలం.
గాలి కాసేపైనా కూర్చోని చోట
లాక్లన్ ముసలాయన ల్యాండ్‌రోవర్,
యాభై ఏళ్ళు దాటిన బండి,
ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు
గొర్రెల షెడ్డు పక్కన.

తాళం తిప్పితే ఒక్క టిక్కు.
మాట కోసం గొంతు సవరించుకుని
మాటే మరచిపోయినట్టు.

"బ్యాటరీ పోయింది" అన్నాడు.
"కొత్తదే, ఓడలో ఆరు వారాలు ప్రయాణం చేసి వచ్చింది.
పాతదీ ఇలాగే పోయింది. అంతా చలి వల్ల."
చలికి నోరు లేదు,
ఎన్ని నిందలైనా మోస్తుంది.

మీటరు పెట్టాను. పదకొండున్నర వోల్టులు.
టెర్మినళ్ళ మీద పచ్చని బూజు.
టాన్సీ కెటిల్‌లో వేడినీళ్ళు, వంటసోడా తెచ్చి పోసింది,
బుసబుసమంటూ వదిలింది.
రాత్రిపూట దొంగగా కరెంటు తాగే తీగ ఉందేమోనని
అన్నీ ఆపి చూశాను. లేదు.
బెల్టును బొటనవేలితో నొక్కాను,
అరంగుళం దిగి ఆగింది.

నా బండి నుంచి తీగలు కలిపితే లేచింది,
పొగ కక్కి, వణికి, నిలబడింది.
తీగలు తీసేసి మళ్ళీ చూస్తే
పన్నెండు పాయింట్ ఒకటి.
ఇంజన్ ఎంత అరిచినా అంతే.
కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి,
ఇది పరిగెడుతూ కూడా
కూర్చునే తింటోంది.

ఆల్టర్నేటర్ విప్పాను. బ్రష్‌లు నిక్షేపంగా ఉన్నాయి.
అప్పటికి మూడున్నర, పొద్దు వాలిపోయింది.
అన్నీ బిగించి, ఏం తోచక సీట్లో కూర్చుని
ఊరికే తాళం సగం తిప్పాను.
ఆయిల్ దీపం పచ్చగా వెలిగింది.
దాని పక్కన,
ఎర్రది వెలగాల్సిన చోట
చీకటి.
వేలుపెట్టి హోల్డర్ లాగితే ఖాళీ.

"ఇక్కడి బల్బు ఏదీ?"
లాక్లన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.
ముందు నవ్వింది టాన్సీయే.
మార్చిలో రేడియో డయల్ ఆరిపోయిందట,
రాత్రి ప్రకటనల వేళ ముల్లు ఎక్కడుందో
ఆమె కళ్ళకు ఆనలేదట.
"దారిపొడుగునా ఆరిపోయే ఉంటుంది కదా ఆ దీపం,
దేనికి పనికొస్తుందనుకున్నా" అన్నాడాయన.

చెప్పాను:
ఆ గింజంత బల్బులోంచి పారే కాస్త కరెంటే
ఆల్టర్నేటర్‌ను తట్టి లేపేది.
అది లేచాక ఇది ఆరుతుంది.
అసలే లేకపోతే
తట్టే చెయ్యీ లేదు, కేక వేసే నోరూ లేదు.

వంటింట్లో పీట్ పొయ్యి వెచ్చగా ఉంది.
రేడియోలో ఎవరిదో గొంతు
ఊలు ధరలు చదువుతోంది.
బల్బు తీశాను. గొంతు ఆగలేదు,
మొహం మాత్రం మాయమైంది.

బండిలో పెట్టి తిప్పాను.
ఎర్రగా వెలిగింది. ఇంజన్ లేచింది. ఆరింది.
పద్నాలుగు పాయింట్ రెండు.
లాక్లన్ మీటరు వైపు చూడనేలేదు,
కిటికీ వైపు చూస్తూ అడిగాడు:
"ఇంకో బల్బుకి కూడా
ఆరు వారాలేనా?"

లోపల టాన్సీ అప్పటికే
అగ్గిపుల్ల ముక్క విరిచి
స్టేషన్ దగ్గర జిగురుతో అంటిస్తోంది,
వేలికి తగలడానికి.