రెండో పటం

వంచు తల, వంచు, ఇంకా రొవంత వంచు.
ఇరవై రెండేండ్లు కళ్యాణకట్టలో
నేను జెప్పిన మాట ఇదొక్కటే.
తమిళోళ్ళకి తమిళంలో, కన్నడమోళ్ళకి కన్నడంలో,
ఉత్తరాది ఆడోళ్ళకి వేలితో.
మొకాలు నాకు గుర్తుండవు.
మెడలు గుర్తుంటాయి.
చెమటకాయల మెడ, పుట్టుమచ్చ మెడ,
జుట్టు పోతానే చలికి జలదరించే మెడ.

ఈ పొద్దు కొండ కింద, తిరుపతి ఆస్పత్రిలో
ఈ పిల్ల, రెహానా అంట,
నా భుజాల కింద దుప్పటి చుట్ట పెట్టి
"తల ఎనక్కి వాల్చమ్మా, గడ్డం పైకెత్తు" అంటా ఉండాది.
ఎత్తినా.
"మెడలో ఏమన్నా ఉంటే తీసెయ్యి."
లోపలుండేదాన్ని తీసేదానికే గదమ్మా వచ్చింది, అన్నా.
నవ్వింది.

మూడేండ్లు. మోకాళ్ళు, నడుము, మణికట్టు.
రెండుసార్లు కిడ్నీలో రాళ్ళు.
కూకుంటే లేవలేను,
లేస్తే ఎందుకు లేచిన్నో తెలీదు.
ఊరికే ఏడుపు.
ఎముకలు గుల్లబారినాయని మొదటి డాక్టరు
సున్నం మాత్రలు రాసిస్తే మింగతా ఉంటి.
వక్కాకులో సున్నం జాస్తయితే నోరు పొక్కుతాదని తెలుసు,
నెత్తుట్లో జాస్తయితే ఏం పొక్కుతాదో ఎవురికి తెలుసు?

పెద్ద డాక్టరమ్మ కాయితం మీద గీసి చూపించింది.
గొంతులో సీతాకోకచిలుక. దాని రెక్కలెనక
బియ్యపుగింజలంత కాపలాదార్లు నలుగురు.
ఒకడికి నిద్ర పట్టడంల్యా.
చాలు చాలన్నా ఇనకుండా
ఎముకల్లో సున్నం గీకి నెత్తుట్లో కలపతానే ఉండాడు.
నలుగురిలో ఎవుడు?
జెల్లు పూసి వెతికిన అబ్బాయికి దొరకలేదు.
ఒక్కోసారి ఒకడు జారిపొయ్యి
రొమ్మెముక ఎనకాల దాంకుంటాడంట.
యాడుండాడో తెలీకుండా కత్తి పెట్టను, అనింది ఆమె.
ఆ మాట నాకు నచ్చింది.
మేమూ అంతే. ముందు వేలితో తడిమి,
పుండు యాడ, పులిపిరి యాడ, చూసినాకే బ్లేడు.

సూదిమందు ఎక్కించినారు. కాసేపటికి మొదటి పటం.
మెడకి జానెడు దూరంలో ఇనపపలక.
కదలద్దు, మింగద్దు.
మింగద్దంటేనే గుటక వస్తాది.
రెక్కలు రెండూ ఎలిగినాయంట.
మందు అందరూ తాగినారు, దొంగ తేలలేదు.

రెండు గంటలు ఆగాల.
దినాం ఊరోళ్ళ టోకెన్లు తీసుకునేదాన్ని,
నా టోకెను పట్టుకోని బెంచీలో కూకున్నా.
పీలేరామె ఏం జబ్బని అడిగింది.
ఆ పేరు నాకు నోరు తిరగదు. సున్నం జబ్బు, అన్నా.
మనవరాలిని ఈ రాత్రికి ఒళ్ళో పండుకోబెట్టుకోవద్దన్నారు.
అది ఊరుకుంటాదా?

మళ్ళీ దుప్పటి చుట్ట, మళ్ళీ ఎనక్కి తల.
మంచి కండ రెండు గంటల్లో మందుని మరిచిపోతాదంట.
చెడిందే పట్టుకోని వదలదంట.
అట్లాంటి చేతుల్ని నేను చూసినా.
గుండు అయినాక కూడా
ఎనక్కి పొయ్యి, లేని జడని ముందుకేసుకునే చేతులు.

లేచినాక రెహానా తెర తిప్పి చూపించింది.
రెక్కలు మాసిపొయ్యినాయి.
ఎడమ పక్క, కిందగా, ఒక్క చుక్క.
రాత్రి మిద్దె మీద నిలబడితే
ఘాట్‌రోడ్డులో ఆఖరి బస్సు లైటు మాదిరి.
కోపం వస్తాదనుకుంటి. రాలేదు.
ఇంతేనా, అనిపించింది. ఇంత గింజా నన్ను తినింది?

ఎంత కోస్తారమ్మా?
"రెండేళ్ళ వెడల్పు. యాడుందో తెలిసింది గదా,
మెడంతా తెరిచే పన్లేదు."
ఇరవై రెండేండ్లలో నా చేతిలో
నెత్తురు చూసినోళ్ళు నలుగురో అయిదుగురో.
ఆమె చెయ్యి కూడా అట్లాంటిదే కావాల.

రెహానా వంగి కాయితంలో మొగిలమ్మ అని రాస్తా ఉండాది.
స్కార్ఫు పక్కకి జరిగింది.
చెవి కింద, సన్నగా, నూగు.
చూడకుండా ఉండేది నాకు చేతకాదు.