చుట్టుదారి

హెరెఫర్డ్‌లో, వై నది ఒడ్డున,
పొగమంచు ఇంకా విడవని ఉదయం
బీచ్ చెట్టు నడుముకి పటకా చుట్టినట్టు
పన్నెండు సెన్సర్లు బిగించాం.
బెరడులోకి సన్నని మేకులు, అంతే.
కోత లేదు.

వేళ్ల సందున చెవిలా పొడుచుకొచ్చిన
గోధుమరంగు పుట్టగొడుగు.
అనుమానమంతా దాని మీదే.

గ్వెన్ ప్రాసర్ సుత్తి ఎత్తింది.
ఆవిడది ఇరవయ్యేళ్ల చెయ్యి.
నేను ఆర్నెల్లుగా అంకెలు రాసేవాణ్ణి.

టక్.
ఒకటో మేకు నుంచి ఏడో మేకుకి
గట్టి చేవలోంచైతే చప్పుడు తిన్నగా పోతుంది.
పుచ్చు ఎదురైతే ఆగిపోదు,
మడిలో దిగకుండా గట్టు పట్టుకున్న మనిషిలా
అంచువెంట తిరిగి
కాస్త ఆలస్యంగా చేరుతుంది.
ఆ ఆలస్యాన్నే మేం కొలిచేది.

రాజాం సంతలో మా మేనత్త
కుండని వేలి కణుపుతో కొట్టి, చెవొగ్గి,
"ఇది వద్దు" అనేది.
ఎందుకో ఎవరికీ చెప్పేది కాదు,
కుమ్మరీ అడిగేవాడు కాదు.

తెరమీద నడిమధ్య నీలంగా బోలు,
దానిచుట్టూ జానెడు గట్టి కర్ర.
"నిలబడుతుందిలే," అంది గ్వెన్,
"పైన కొమ్మల బరువు కొంచెం తగ్గిస్తే."

ఫ్లాస్కులో టీ పంచుకుంటూ అడిగాను,
"ఇంట్లో హ్యూ ఎలా ఉన్నాడు?"

సుత్తి తుడిచింది. తిప్పి, రెండోవైపూ తుడిచింది.
నదిమీది బాతుల్ని లెక్కపెడుతున్నట్టు చూసింది.
"బాగానే ఉన్నాడు."

పుస్తకంలో చెట్టు అంకెలు మాత్రమే రాసి
మూసేశాను.
సెన్సర్ల పెట్టె, కేబుల్ చుట్టలు, రెండు సుత్తులూ
వ్యాన్ దాకా
ఆ రోజు నేనే మోశాను.